గుమ్మటము క్రింద గానము

నాదమును భగవత్స్వరూపముగా భావించి ఉపాసించిన సంప్రదాయము మనది. ఆలయమున ఘంట మ్రోగినను, వేదపండితులు స్వస్తి పలికినను, భజనపరులు నామమును కీర్తించినను, ఆ శబ్దము శ్రోత చెవిని చేరి మనస్సును స్వామివైపు మరల్చుటయే ప్రయోజనము. గాయకుని కంఠమునకును శ్రోత చెవికిని నడుమ మరియొక భాగస్వామి కలదు. అది ఆ గది. కంఠమును సాధనతో సిద్ధపరచుకొందుము, శ్రుతిని సరిచూచుకొందుము, గది మాటను మాత్రము కట్టడము పూర్తియగువరకు తలపము.

ఇటీవలి కాలమున ధ్యానమందిరములు, భజనమందిరములు గుమ్మటపు ఆకృతిలో పలుచోట్ల వెలయుచున్నవి. స్తంభముల అడ్డులేని విశాలస్థలము, ఆకాశమును తలపించు పైకప్పు, లోనికి అడుగిడగానే కలుగు ప్రశాంతత, ఇవన్నియు ఆ ఆకృతికి గల సుగుణములే. కాని ఇట్టి మందిరములు కొన్నింట ప్రారంభోత్సవము నాడే ఒక చిక్కు బయటపడును. ఓంకారము అద్భుతముగా మ్రోగును. కీర్తన మొదలుకాగానే మాట తెలియదు. పాట వినబడుచున్నది గాని ఏమి పాడుచున్నారో తెలియుట లేదని వెనుక వరుసలోని వృద్ధులు చెప్పుదురు. ధ్వనివర్ధకమును పెంచినకొలది చిక్కు పెరుగునే గాని తరుగదు. దీనికి కారణమేమి? నివారణ కలదా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమును తెలిసికొనుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

స్వరము, అక్షరము

క్రీ. శ. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరము స్వరమును నిర్వచించుచు, శ్రుతి పుట్టిన పిమ్మట అనురణన రూపమున నిలుచు స్నిగ్ధమైన నాదమునే స్వరముగా గ్రహించినది. అనురణనమనగా మూలధ్వని ఆగిన తరువాత కూడ వెన్నంటి నిలుచు మ్రోత. తంబురా తీగను మీటి వ్రేలు తీసిన తరువాత వినవచ్చునది ఇదియే. గదిలో పుట్టిన శబ్దము గోడలకు, పైకప్పునకు తగిలి మరల మరల తిరిగివచ్చుచు క్రమముగా క్షీణించుటను కూడ శాస్త్రజ్ఞులు అనురణనమనియే పిలుతురు.

స్వరమునకు ప్రాణమైన ఈ అనురణనమే అక్షరమునకు గండమగును. మాటలో అచ్చులు బలమైనవి, హల్లులు బలహీనమైనవి. అర్థమును నిర్ణయించునవి ముఖ్యముగా హల్లులే. ముందు పలికిన అచ్చు గదిలో ఇంకను మ్రోగుచుండగా, తరువాత వచ్చు సున్నితమైన హల్లు ఆ మ్రోతలో మునిగిపోవును. తెలుగు అజంత భాష. పదము లన్నియు ప్రాయికముగా అచ్చుతోనే ముగియును. కావున ప్రతి పదము చివరి అచ్చు తరువాతి పదము మొదటి హల్లుపై నీడవలె పడును. గానమునకు మాధుర్యమును ఇచ్చు మన భాషా లక్షణమే మ్రోత ఎక్కువైన గదిలో ప్రతికూలించును. వేదపాఠమున చిక్కు మరింత సూక్ష్మమైనది. హ్రస్వము దీర్ఘమువలె వినబడినచో మాత్ర చెడును. ఉదాత్తము తోక స్వరితముపై పడినచో స్వరము చెడును. పండితుడు నిర్దుష్టముగా పలికినను శ్రోతకు దోషముతోనే అందును.

గుమ్మటము చేయు రెండు పనులు

అనురణనము ఎట్టి గదిలోనైనను ఉండును. గుమ్మటము దానికి తోడు మరియొక పని చేయును. సమతలమైన కప్పు తనకు తగిలిన ధ్వనిని నలుదిక్కులకు పంపును. గుమ్మటపు లోపలి వైపు పుటాకార దర్పణము వంటిది. దర్పణము వెలుగును ఒకచోటికి చేర్చునట్లు అది ధ్వనిని ఒకచోటికి పోగుచేయును. ఆ చోటికి నాభియని పేరు.

నేలపై బోర్లించిన అర్ధగోళమును ఊహింపుడు. దాని వ్యాసార్ధము 10 మీటర్లు. సరిగా మధ్యమున కూర్చుండి ఒకరు చప్పట్లు చరచిరి. ధ్వని అన్ని దిక్కులకు 10 మీటర్లు పోయి గుమ్మటమునకు తగిలి, అంతయు ఒక్కసారిగా ఆ మధ్యబిందువునకే తిరిగివచ్చును. ధ్వని వేగము మన ఎండలలో సెకనుకు సుమారు 345 మీటర్లు. పోవుటకు రావలసిన దూరము 20 మీటర్లు గనుక, సెకనులో దాదాపు 17వ వంతు కాలములో ప్రతిధ్వని చేరును. మాటకు సంబంధించినంతవరకు సెకనులో 20వ వంతు లోపుగా తిరిగివచ్చిన ధ్వనిని చెవి మూలధ్వనితో కలిపికొని దానికి బలముగా స్వీకరించును. ఆ వ్యవధి దాటి వచ్చిన ధ్వని బలమైనదైనచో వేరుగా వినబడి అడ్డుతగులును. గుమ్మటము నుండి వచ్చునది ఆలస్యముగా వచ్చుటయే గాక బలముగా కూడ వచ్చును.

గాయకుడు మధ్యబిందువు నుండి 2 మీటర్లు ఎడమకు జరిగినచో, నాభి సుమారు 2 మీటర్లు కుడికి జరుగును. అక్కడ కూర్చున్న శ్రోతకు తలపై నుండి మరియొక గాయకుడు కొంచెము ఆలస్యముగా పాడుచున్నట్లు తోచును. మృదంగ విద్వాంసుడు ఆ స్థానమున ఉన్నచో ఏ తాళమును అనుసరింపవలెనో తెలియక తడబడును. అదే సమయమున నాలుగు అడుగుల దూరమున ఉన్నవారికి ఈ చిక్కు అంతగా తెలియదు. గుమ్మటము క్రింద ఒక చోట విన్నది మరియొక చోట వినబడకుండుటకు కారణమిదియే.

గోడ వెంబడి ప్రాకు ధ్వని

గుమ్మటము చేయు వింతలకు మన దేశమున ప్రసిద్ధమైన నిదర్శనము కర్ణాటకములోని విజయపురమున, అనగా పూర్వపు బిజాపూరున కలదు. అది 1627 నుండి 1656 వరకు పాలించిన మహమ్మద్ ఆదిల్ షా సమాధి మందిరమగు గోల్ గుంబజ్. దాని గుమ్మటము లోపలి వ్యాసము సుమారు 38 మీటర్లు. గుమ్మటపు పాదమున చుట్టును నడవ యున్నది. అందు ఒక వైపు గోడకు నోరు చేర్చి గుసగుసలాడినచో ఆవలి వైపున ఉన్నవారికి స్పష్టముగా వినబడును. ఒక చప్పట్టు పలుమార్లు మారుమ్రోగును.

లండనులోని సెయింట్ పాల్ దేవాలయమునందును ఇట్టి నడవ కలదు. గుసగుస గుమ్మటపు పైభాగమునకు తగిలి ఎదుటి వైపున నాభిలో చేరుచున్నదని పూర్వులు తలచిరి. లార్డ్ రాలే అట్లు కాదని చూపెను. ధ్వని పుటాకారపు గోడను వదలక, చిన్న చిన్న అంగలతో దాని వెంబడి ప్రాకుచు పోవునని ఆయన సిద్ధాంతము. 1921లో ఇంగ్లండు వెళ్ళిన సర్ సి. వి. రామన్ ఆ నడవలో స్వయముగా ప్రయోగములు చేసి, ధ్వని తీవ్రత అంతటను ఒక్కరీతిగా ఉండక చోటుచోటునకు హెచ్చుతగ్గు లగుటను గమనించెను. గోల్ గుంబజ్‌ను, పాట్నాలో 1786లో ధాన్యాగారముగా కట్టిన గోల్‌ఘర్‌ను కూడ ఆయన ఈ దృష్టితోనే పరిశీలించెను. తండ్రి ఎ. వి. ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా ఉండుటచే రామన్ బాల్యము విశాఖపట్టణమున గడచినదని తెలుగువారెరుగుదురు.

భజనమందిరపు నిర్వాహకులకు దీనివలన తెలియవలసిన దొకటి కలదు. గుండ్రని గోడకు ఆనుకొని ఇద్దరు మాటలాడుకొన్నచో ఆ మాట గోడ చుట్టును తిరిగి దూరమున ధ్యానము చేసికొనుచున్నవారి చెవిన పడును. ఫలకములు, మూర్తుల గూళ్ళు, స్తంభపు పట్టెలు మొదలగు ఎగుడుదిగుడులతో ఆ గోడ నునుపును విరిచినచో ప్రాకుడు ఆగును.

ఆల్బర్ట్ హాలు నేర్పిన పాఠము

గుమ్మటము క్రింద సంగీతసభలు జరుపుట ఎంత కష్టమో, ఆ కష్టమును ఎట్లు తగ్గింపవచ్చునో తెలుపుటకు లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలును మించిన ఉదాహరణము లేదు. అండాకారపు ఆ భవనము 1871 మార్చి 29వ తేదీన ప్రారంభింపబడినది. దాని గుమ్మటము సుమారు 41 మీటర్ల ఎత్తున నుండుటచే వేదికపై పుట్టిన ధ్వని పైకి పోయి తిరిగివచ్చుటకు దాదాపు పావు సెకను పట్టును. ప్రారంభ సభలోనే ప్రతిధ్వని అందరి దృష్టికి వచ్చినది. స్వరకర్త తన కృతిని రెండుసార్లు వినుటకు నమ్మకమైన స్థలమిదియే యన్న పరిహాసము తరువాతి కాలమున వ్యాపించినది.

నిర్వాహకులు మొదట గుమ్మటము క్రింద పెద్ద గుడ్డ వితానమును వ్రేలాడదీసిరి. ఉత్సవమూర్తులపై చాందినీ కట్టు మనకు ఈ ఉపాయము సుపరిచితముగనే తోచును. దానివలన కొంత మేలు కలిగినది గాని చిక్కు తీరలేదు. గుడ్డ హెచ్చుశ్రుతి ధ్వనులను కొంతవరకు మ్రింగును. మంద్రధ్వనులు దానిని దాటి పోయి తిరిగివచ్చును. 1949లో వితానమును తొలగించి, గుమ్మటము లోపల రంధ్రములు గల అల్యూమినియపు రేకులను, వాని వెనుక ధ్వనిని శోషించు పదార్థమును అమర్చిరి. ప్రతిధ్వని తగ్గినను పూర్తిగా పోలేదు. 1969 నాటికి గాజునూలుతో చేసిన పెద్ద పళ్ళెముల వంటి 135 ఫలకములను గుమ్మటము క్రింద వ్రేలాడదీసిరి. చూచుటకు పుట్టగొడుగులవలె నుండుటచే వానికి ఆ పేరే వచ్చినది. అవి పైకి పోవు ధ్వనిని నడుమనే అడ్డగించి కొంత నలుదిక్కులకు చెదరగొట్టును, కొంత మ్రింగును. 2001లో వాని సంఖ్యను 85కు తగ్గించి అమరికను సరిచేసిరి.

కట్టిన దోషమును దిద్దుటకు ఒక శతాబ్దము పట్టెను. ఏ ఒక్క ఉపాయమును తనంత తానుగా చాలలేదు. శోషించుట, చెదరగొట్టుట, నడుమ అడ్డగించుట అను మూడును కలిసినపుడే ఫలితము కనబడినది.

సబీన్ చూపిన లెక్క

మ్రోత ఎంతసేపు నిలుచునో ముందుగానే లెక్కించు మార్గమును అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాలేస్ క్లెమెంట్ సబీన్ కనుగొనెను. 1895లో ఆ విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో మాట తెలియకపోవుటకు కారణము కనుగొనుమని ఆయనను కోరిరి. ఆయన రాత్రివేళలలో ఆసనములపై పరచు మెత్తలను ఒక్కొక్కటిగా ఆ గదిలోనికి తెప్పించుచు, మ్రోత ఎంత తగ్గుచున్నదో కొలిచెను. అందుండి వెలువడిన సూత్రము మిక్కిలి సులభము. గది ఘనపరిమాణమును ఘనమీటర్లలో తీసికొని, 0.161తో గుణించి, ఆ గదిలోని మొత్తము శోషణముతో భాగింపవలెను. వచ్చినది అనురణన కాలము. అనగా ధ్వని తన శక్తిలో పది లక్షలవ వంతునకు క్షీణించుటకు పట్టు సెకనులు. శోషణమునకు కొలత తెరచిన కిటికీ. 1 చదరపు మీటరు కిటికీ గుండా బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు గనుక దానిని 1 అని లెక్కింతురు.

ముందు చెప్పిన 10 మీటర్ల అర్ధగోళమునకు ఈ లెక్క వేసి చూతము. ఘనపరిమాణము సుమారు 2,094 ఘనమీటర్లు. లోపలి గుమ్మటపు వైశాల్యము 628, నేల 314 చదరపు మీటర్లు. నున్నని గచ్చు తనపై పడిన ధ్వనిలో నూటికి 3 వంతులు, రాతినేల 2 వంతులు మాత్రమే మ్రింగునని అనుకొనినచో మొత్తము శోషణము 25. అనురణన కాలము 13 సెకనులు దాటును. 150 మంది భక్తులు వచ్చి కూర్చుండిరి. ఒక్కొక్క మనిషి సుమారు 0.4 చదరపు మీటరు కిటికీతో సమానము గనుక మరి 60 చేరి, కాలము 4 సెకనులకు దిగును. గుమ్మటములో 200 చదరపు మీటర్ల మేర నూటికి 60 వంతులు శోషించు పలకలు అమర్చినచో అది సుమారు 1.7 సెకనులగును. గుమ్మటమున ధ్వని అంతటను సమముగా వ్యాపింపదు గనుక ఈ లెక్క ఉజ్జాయింపు మాత్రమే. అయినను పని ఎంత యున్నదో తెలిసికొనుటకు చాలును.

నాలుగు సెకనులు స్వల్పముగా తోచవచ్చును. నిమిషమునకు 75 అక్షరకాలములు నడచు కృతిలో ఒక్కొక్క అక్షరమునకు నాలుగు స్వరములు పాడినచో స్వరమునకు 0.2 సెకను. అనగా 4 సెకనుల గదిలో గాయకుడు 20వ స్వరము పాడునప్పటికి మొదటి స్వరపు శేషము ఇంకను గాలిలో నుండును. సంగతుల అందము, మృదంగపు చాపుల విడుపు అందులో కలగాపులగమగును. ప్రవచనమునకు 1 సెకను చుట్టుప్రక్కల, కర్ణాటక గానమునకు దానికి కొంచెము పైబడి ఉన్నచో హాయిగా నుండును.

మ్రోతయే వరమైన చోట్లు

ఇంతమాత్రముచే గుమ్మటము సంగీతమునకు శత్రువని తలపరాదు. ఇస్తాంబుల్ నగరమున 537లో పూర్తియైన హాగియా సోఫియా గుమ్మటము వ్యాసము సుమారు 31 మీటర్లు, నేల నుండి దాని శిఖరము సుమారు 55 మీటర్లు. అచ్చట అనురణనము 10 సెకనులు మించును. ఆ దేవాలయమున పూర్వము పాడిన బైజాంటియమ్ స్తోత్రగానము ఆ మ్రోతకు తగినదే. ఒక్కొక్క అక్షరమును దీర్ఘముగా సాగదీయుచు, క్రింద ఒకే ఆధారస్వరమును నిలుపుచు పాడుట ఆ సంప్రదాయము. మన తంబురా శ్రుతికి అది చుట్టమే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అచ్చట బుడగలను పగులగొట్టి ఆ మ్రోతను ముద్రించి, కంప్యూటరు సహాయమున వేరొక సభాశాలలో దానిని పునఃసృష్టించి, 2013లో గాయకులచే ఆ స్తోత్రములను పాడించిరి. గాయకులు ఆ మ్రోతకు లోబడి తమంత తాముగా నెమ్మదించిరనుట గమనింపదగినది.

ఆగ్రాలోని తాజమహలు గుమ్మటము క్రింద 1968లో పాల్ హార్న్ అను అమెరికా వేణువాద్యకారుడు ఒంటరిగా వాయించి ధ్వనిముద్రణ చేసెను. ఒక స్వరము పలికి ఆగుట, అది పైకి పోయి నిలుచుచుండగా దానితో పొసగు మరియొక స్వరమును పలుకుట ఆయన అనుసరించిన పద్ధతి. గుమ్మటమే రెండవ వేణువై సహకరించినది. అదే చోట ద్రుతకాలపు తిల్లానాను వాయించినచో గందరగోళమే మిగులును.

మన గర్భాలయములలో మంత్రము గంభీరముగా వినబడుటకును కారణమిదే శాస్త్రమున కలదు. గర్భాలయము చిన్నది. గోడ నుండి గోడకు కొలది మీటర్లే గనుక తిరిగివచ్చు ధ్వనులు సెకనులో 50వ వంతు లోపుగానే చేరి మూలధ్వనితో కలిసిపోయి దానిని పుష్టిపరచును. మహామండపము పెద్దదైనను ప్రక్కలు తెరచియుండుటచే ధ్వని బయటికి పోవును. చెక్కడపు స్తంభములు మిగిలినదానిని చెదరగొట్టును. చిన్న గర్భాలయపు గాంభీర్యమును కోరి దానినే పదిరెట్లు పెంచి తలుపులు మూసినచో లభించునది గాంభీర్యము కాదు, అస్పష్టత.

క్రొత్తగా కట్టువారికి

నిర్మాణమునకు ముందు పటము గీయునపుడే ఒక నియమమును పాటించినచో సగము చిక్కు తొలగును. కూర్చున్నవారి చెవి నుండి గుమ్మటపు శిఖరము వరకు గల ఎత్తును కొలువుడు. గుమ్మటపు వక్రతా వ్యాసార్ధము ఆ ఎత్తులో సగమునకు తక్కువగా నుండవలెను. లేదా ఆ ఎత్తునకు రెట్టింపు కన్న ఎక్కువగా నుండవలెను. ఎత్తు 12 మీటర్లనుకొందము. వ్యాసార్ధము 6 మీటర్లైనచో నాభి శిఖరమునకు 4 మీటర్ల క్రిందనే, జనుల తలలకు చాలపైన ఏర్పడి, ధ్వని అచ్చట నుండి విచ్చుకొని అందరికి పంపకమగును. వ్యాసార్ధము 24 మీటర్లు, అనగా పళ్ళెము వంటి లోతులేని గుమ్మటమైనచో ధ్వని నాభి కట్టక సమాంతరముగా దిగును. వ్యాసార్ధము కూడ 12 మీటర్లే అయినచో నాభి సరిగా మనుష్యుల చెవుల వద్దనే పడును. నేలపై నిలిపిన అర్ధగోళము ఈ మూడవ జాతికి చెందినది.

రోమునగరములోని పాంథియాన్ రెండవ శతాబ్దమున కట్టిన దేవతాలయము. దాని లోపలి వ్యాసము, నేల నుండి ఎత్తు రెండును సుమారు 43 మీటర్లు. గోళపు కేంద్రము జనుల తలలకు 20 మీటర్ల పైన నుండుటచే నాభి కూడ పైననే ఏర్పడును. గుమ్మటములో వరుసకు 28 చొప్పున 5 వరుసల లోతైన గళ్ళు, శిఖరమున తెరచిన గవాక్షము కలవు. మ్రోత దీర్ఘమే అయినను ఆకృతి కల్పించు ఒక దోషము ఇచ్చట తప్పినది.

కట్టియున్న మందిరములకు

ఇప్పటికే కట్టియున్న మందిరములలో మొదట పరీక్ష చేయవలెను. ఒకరు వేదికపై నుండి పరస్పర సంబంధము లేని 50 మాటలను సహజస్వరముతో చదువుదురు గాక. పదిమంది వేర్వేరు చోట్ల కూర్చుండి విన్నది వ్రాసికొందురు గాక. తప్పులు ఎచ్చట ఎక్కువైనవో అచ్చటనే నాభి యుండవచ్చును. తరువాత ఈ క్రింది మార్పులను ఒక్కొక్కటిగా చేసి అదే పరీక్షను మరల జరుపవలెను.

గాయకులను గుమ్మటపు మధ్యబిందువు క్రింద కూర్చుండబెట్టరాదు. ఒక ప్రక్కకు జరిపి, వారి వెనుక సమతలమైన చెక్క అడ్డును నిలిపినచో ధ్వని శ్రోతలవైపు సూటిగా పోవును. నేలపై జంపఖానాలు, మందపు తివాచీలు పరచవలెను. తలుపులు, కిటికీలు తెరచియుంచుట ఖర్చులేని చికిత్స. 20 చదరపు మీటర్ల తెరపి 50 మంది భక్తులతో సమానము. శోషించు పలకలను గుమ్మటపు నడిభాగమున ముందుగా అమర్చవలెను. నాభికి ధ్వనిని పంపుటలో ఆ భాగమునకే పెద్ద పాత్ర. రంధ్రముల పలకల వెనుక ఖనిజపు ఉన్నిని, కొంత ఖాళీని ఉంచినచో మంద్రధ్వని కూడ తగ్గును. థర్మోకోలు ధ్వనిని శోషింపదు. పైగా దీపారాధన, కర్పూరహారతి జరుగు చోట సులభముగా మండునదేదియు పైన కట్టరాదు.

ధ్వనివర్ధకముల విషయమున పెద్దది ఒకటి గాక చిన్నవి అనేకము ఉంచుట మేలు. వానిని జనులకు చేరువగా, తక్కువ ఎత్తున, ముఖము క్రిందికి వంచి పెట్టవలెను. గుమ్మటము వైపు చూచు ధ్వనివర్ధకము మాటను గాక మ్రోతనే పెంచును. శబ్దమును హెచ్చించినపుడు మ్రోతయు అదే పాళ్ళలో హెచ్చునని నిర్వాహకులు మరువరాదు.

ఇన్ని చేసిన పిదప మిగిలిన మ్రోతను అనుసరించి కార్యక్రమమును ఏర్పరచుకొనవచ్చును. ఓంకారము, రాగాలాపన, విలంబకాలపు నామావళి, ఒంటి వేణువు, ఇవి గుమ్మటము క్రింద శోభించును. వేదపారాయణము, హరికథ, ప్రవచనము, ద్రుతకాలపు భజన తెరచిన మండపమునకు తగినవి. సామూహిక భజన తప్పనిసరిగా లోపలనే జరుగవలసినచో చరణమునకు చరణమునకు నడుమ ఒక ఆవర్తము విరామ మిచ్చి, గుమ్మటమును శాంతింపనిచ్చి పాడవలెను.

పూర్వము వాగ్గేయకారులు సాహిత్యమున ఒక్కొక్క మాటను ఏరి కూర్చినది స్వామికి నివేదించుటకును, వినువారు తరించుటకును. ఆ మాట మందిరపు కప్పులో చిక్కుకొని, దూరముననున్న ముసలితల్లికి అందకపోయినచో కట్టడము ఎంత సుందరమైనను దాని సేవలో లోటు మిగిలినట్లే. శిల్పికి కొలతలు ఇచ్చునపుడు ఎత్తుతో, వెడల్పుతో పాటు చివరి వరుసలో కూర్చుండు ఆమె చెవిని కూడ ఒక కొలతగా ఇత్తుము గాక.